శివరాత్రి లోపే: పెరట్లో పెంచే ఏటి ఒడ్డు చెట్లకు ఎండాకాలం జాగ్రత్తలు

ఎండాకాలం వస్తే మా వైపు పారే ఏర్లు పాలేరు, మన్నేరు ఉత్త ఇసుకే. అయినా ఒడ్డున ఏరుమద్ది పచ్చగా నిలబడి ఉంటుంది. ఇసుకలో మనం చెలమ తవ్వుకున్నట్టే దాని వేరు అడుగున ఉన్న తడిని వెతుక్కుంటుంది. ప్రకాశం జిల్లా కొండపి వైపు మా మెరక పెరళ్లలో ఆ తడి లేదు. అందుకే మద్ది, నేరేడు, కానుగ, వావిలి, వట్టివేరు పెట్టుకున్నవాళ్లు శివరాత్రి లోపే జాగ్రత్త పడాలి.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు పెట్టే పద్ధతి. మొదటి ఏడాది నేను రోజూ సాయంత్రం పైపుతో పైపైన తడిపేదాన్ని. రోహిణి కార్తెలో రెండు నేరేడు మొక్కలు నిలువునా ఎండిపోయాయి. తవ్వి చూస్తే వేర్లన్నీ జానెడు లోతులోనే ఉన్నాయి. పైనే తడి దొరుకుతుంటే వేరు కిందికి ఎందుకు దిగుతుంది? ఆ బాధ ఇంకా పోలేదు. కాబట్టి ఇప్పటినుంచే తడికీ తడికీ మధ్య రోజులు పెంచండి. పెట్టిన రోజు మాత్రం మూరెడు లోతు నానాలి. ఇనుప కడ్డీ గుచ్చితే ఎంతవరకు సులువుగా దిగిందో అంతవరకే తడిసినట్టు. పాదు మొదలు దగ్గరే కాకుండా కొమ్మల అంచుదాకా వెడల్పు చేయండి.

బోరు నీళ్లు ఉప్పగా ఉంటే రోజూ కొంచెం కొంచెం పోయడం మరీ చేటు. నీరు ఆవిరైపోయి ఉప్పు పైనే మిగులుతుంది. మట్టి మీద తెల్లగా పేరుకుంటుంది, ఆకుల అంచులు మాడతాయి. కానుగ ఓర్చుకుంటుంది, లేత నేరేడు ఓర్చుకోలేదు. పట్టి ఉంచిన వాననీళ్లు ఉంటే దానికే పోయండి.

పాదులో ఎండుటాకులు నాలుగు వేళ్ల మందాన పరవండి. చెదలు పడతాయి కాబట్టి కాండానికి తగలనివ్వకండి. చిన్న మొక్కలకు పడమటి వైపు తాటాకు దడి కట్టండి.

ఎండలు ముదరకముందే కానుగ, మద్ది ఆకు రాలుస్తాయి. అది వాటి స్వభావం, టెన్షన్ పడి యూరియా వేయకండి. అప్పుడు పుట్టే లేత చిగురు వడగాలికి మాడిపోతుంది. కొమ్మలు కూడా నరకొద్దు.

కొత్తవి ఇప్పుడు నాటొద్దు. మనకు గట్టి వానలు పడే అక్టోబరులో నాటితే వేరు దిగడానికి నాలుగు నెలలు దొరుకుతుంది. మద్ది, మేడి లాంటివి ఇంటి గోడకు, సెప్టిక్ ట్యాంకుకు బాగా దూరంగా పెట్టండి. ఒక్క మాట, దయచేసి ఏటి ఒడ్డు నుంచి మొక్కలు పీక్కురాకండి. వరదలో ఆ ఒడ్డును పట్టి ఉంచేది ఆ వేర్లే. వావిలి కొమ్మ గుచ్చినా బతుకుతుంది, వట్టివేరుకు పిలకలు చాలు. నేరేడు గింజను మాత్రం పండు తిన్న వారంలోపే నాటండి, ఎండబెట్టి దాస్తే మొలవదు.