1900కు ముందటి బేస్‌బాల్ రికార్డును సరిచూసుకోవడం ఎలా

1884లో ప్రావిడెన్స్ జట్టు పిచ్చర్ (బంతి విసిరేవాడు) ఓల్డ్ హాస్ రాడ్‌బోర్న్ ఎన్ని మ్యాచ్‌లు గెలిచాడని వెతికితే ఒకచోట 59 అనీ, మరోచోట 60 అనీ కనిపిస్తుంది. ఏదీ అచ్చుతప్పు కాదు. జులై 28న సైక్లోన్ మిల్లర్ ఐదు ఇన్నింగ్స్ వేసి, జట్టు ముందంజలో ఉండగా తప్పుకున్నాడు. మిగతా నాలుగూ రాడ్‌బోర్న్ వేశాడు. ఆనాటి స్కోరర్ గెలుపును రాడ్‌బోర్న్ ఖాతాలో వేశాడు. ఇప్పటి నిబంధన ప్రకారమైతే అది మిల్లర్‌ది. ఎవరి నిబంధన పాటించారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది.

ఆ కాలపు అంకెలు చాలావాటి వెనక ఇలాంటి చిక్కు ఒకటి ఉంటుంది. అందుకే వ్యాసంలోకో క్విజ్‌లోకో ఎత్తి రాసేముందు ఈ వరసలో సరిచూసుకోండి.

ముందు లీగ్ తేల్చుకోండి

"మొట్టమొదటి ప్రొఫెషనల్" అన్న మాటకు మూడు జవాబులున్నాయి. 1869 నాటి సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ ఆటగాళ్లందరికీ బాహాటంగా జీతాలిచ్చిన తొలి జట్టు. కానీ అప్పటికి లీగే లేదు. ఆ ఏడాది వాళ్ల 57 విజయాలు, సున్నా ఓటములు ఏ లీగ్ పట్టికలోకీ రావు. వాళ్ల జైత్రయాత్ర 1870 జూన్ 14న బ్రూక్లిన్‌లో అట్లాంటిక్స్ చేతిలో 11 ఇన్నింగ్స్ ఆడి 8-7తో ఓడడంతో ఆగింది. తొలి ప్రొఫెషనల్ లీగ్ మ్యాచ్ 1871 మే 4న జరిగింది. నేషనల్ అసోసియేషన్‌లో ఫోర్ట్ వేన్ 2-0తో క్లీవ్‌లాండ్‌ను ఓడించింది. నేషనల్ లీగ్ మొదటి మ్యాచ్ మాత్రం 1876 ఏప్రిల్ 22న ఆడారు. అందులో బోస్టన్ 6-5తో ఫిలడెల్ఫియాపై గెలిచింది.

1968లో రికార్డుల కమిటీ నేషనల్ అసోసియేషన్‌ను మేజర్ లీగ్‌గా (అత్యున్నత స్థాయి లీగ్‌గా) ఒప్పుకోలేదు. కాబట్టి 1875లో బోస్టన్ సాధించిన 71 గెలుపులు, 8 ఓటముల లెక్క కొన్ని పట్టికల్లో ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. ఒక ఆటగాడి కెరీర్ మొత్తం రెండుచోట్ల తేడాగా కనిపిస్తే ముందు అనుమానించాల్సింది 1871-75 మధ్య ఐదేళ్లనే.

ఆ ఏడాది నిబంధనలు ఎదురుగా పెట్టుకోండి

క్రికెట్‌లో పిచ్ ఎప్పుడూ 22 గజాలే. బేస్‌బాల్‌లో ఆ భరోసా లేదు. కనీసం ఇవి దగ్గర ఉంచుకోండి:

- 1880 వరకు పిచ్చర్ గీత బ్యాటర్ ఉండే హోమ్ బేస్‌కు 45 అడుగుల దూరంలో ఉండేది. 1881లో 50 అడుగులు చేశారు. 1893లో ఇప్పటి 60 అడుగుల 6 అంగుళాలు వచ్చింది.
- 1884లో నేషనల్ లీగ్ చేతిని భుజం పైనుంచి తిప్పి విసరడానికి ఒప్పుకుంది.
- 1886 వరకు బంతి ఎత్తుగా కావాలో కిందుగా కావాలో బ్యాటరే అడిగేవాడు.
- బ్యాటర్‌కు వాక్ (కొట్టకుండానే మొదటి బేస్) దక్కాలంటే 1879లో 9 బాల్స్ (గురి తప్పిన విసుర్లు) పడాలి, 1880లో 8, 1887లో 5. 1889 నుంచి 4.
- 1887 ఒక్క ఏడాదే నాలుగు స్ట్రైక్‌లకు (బ్యాటర్ వదిలేసిన మంచి బంతి లేదా తగలని దెబ్బ) ఔట్, మిగతా ఏళ్లలో మూడుకే.
- మామూలు ఫౌల్ బంతిని (గీతల బయటికి కొట్టినదాన్ని) స్ట్రైక్‌గా లెక్కించడం నేషనల్ లీగ్‌లో 1901లో, అమెరికన్ లీగ్‌లో 1903లో మొదలైంది.

1893 మార్పు దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. పదిన్నర అడుగులు వెనక్కి జరిపారని రాసేస్తారు. 50 అడుగులన్నది పిచ్చర్ నిలబడే బాక్స్ ముందు గీతకు. 1887 నుంచి పిచ్చర్ వెనక పాదం 55 అడుగుల 6 అంగుళాల దగ్గరి వెనక గీత మీద ఉండాలి. అంటే నిజంగా పెరిగింది ఐదు అడుగులే. ఆ ఐదడుగులకే నేషనల్ లీగ్ బ్యాటింగ్ సగటు 1892లోని .245 నుంచి 1893లో .280కి, 1894లో .309కి ఎగబాకింది. 1894లో హ్యూ డఫీ కొట్టిన .440ని ఆ .309 పక్కన పెట్టి చూడాలి.

నాలుగు స్ట్రైక్‌ల ప్రభావం చూడాలంటే బాల్టిమోర్ పిచ్చర్ మాట్ కిల్‌రాయ్ చాలు. 1886లో 513 స్ట్రైక్ ఔట్లు చేశాడు. మరుసటి ఏడాది ఇన్నింగ్స్ తగ్గకపోయినా స్ట్రైక్ ఔట్లు 217కి పడిపోయాయి. చెయ్యి పోయిందని రాయకండి. ఆ ఏడాదే అతను 46 మ్యాచ్‌లు గెలిచాడు.

సగటు మీరే కట్టి చూడండి

హిట్లను (బంతి కొట్టి బేస్ చేరిన సార్లను) ఎట్-బ్యాట్‌లతో (లెక్కకు వచ్చే బ్యాటింగ్ అవకాశాలతో) భాగిస్తే సగటు. తేడా వచ్చేది వాక్‌లను ఎక్కడ వేశారన్న దగ్గరే.

1876లో వాక్‌ను ఎట్-బ్యాట్‌గా లెక్కించి బ్యాటర్‌ను శిక్షించేవారు. షికాగో ఆటగాడు రాస్ బార్న్స్ ఆ ఏడాది 138 హిట్లు కొట్టాడు, 20 వాక్‌లు తీసుకున్నాడు. 138ని 322 ఎట్-బ్యాట్‌లతో భాగిస్తే .429. వాక్‌లు కలిపి 342తో భాగిస్తే .404. రెండు అంకెలూ అచ్చులో ఉన్నాయి, రెండూ ఒకే ఆటగాడివి.

1887లో తిరగేశారు, వాక్ కూడా హిట్టే అన్నారు. క్యాప్ ఆన్సన్‌కు 472 ఎట్-బ్యాట్‌లలో 164 అసలు హిట్లు, అంటే .347. 60 వాక్‌లు రెండు వైపులా కలిపితే 532లో 224, అంటే .421. ఆన్సన్ కెరీర్ హిట్లు ఒక్కో పట్టికలో ఒక్కోలా ఉండడానికి ఈ 60 ఒక కారణం, నేషనల్ అసోసియేషన్ ఏళ్లు మరో కారణం. 1968 కమిటీ వాక్‌లను హిట్లలోంచి తీసేసింది. మీరు అదే పాటిస్తే చిక్కులు తక్కువ.

బార్న్స్ విషయంలో ఇంకో మాట. మొదట మైదానంలో పడి ఆ తర్వాత గీత దాటిన బంతిని అప్పట్లో ఫెయిర్‌గానే (ఫౌల్ కానిదిగానే) లెక్కించేవారు. అలా కొట్టడంలో అతను దిట్ట. 1877లో ఆ సౌకర్యం తీసేశారు, అతని సగటు .272కి పడిపోయింది. నిబంధనే ముంచిందన్న కథ బాగుంటుంది గానీ, ఆ ఏడాది అతను జబ్బుపడి 22 మ్యాచ్‌లే ఆడాడు.

పిచ్చర్ లెక్కల్లో 678.2 అంటే 678 ఇన్నింగ్స్, ఇంకో ఇన్నింగ్స్‌లో రెండు ఔట్లు. ఇన్నింగ్స్‌కు మూడు ఔట్లు కాబట్టి భాగించేటప్పుడు 678.67 వాడాలి. 1884 రాడ్‌బోర్న్‌వే ఈ అంకెలు. 104 ఎర్న్‌డ్ రన్స్‌ను (ఫీల్డర్ల తప్పిదం లేకుండా ఇచ్చిన రన్లను) 9తో గుణించి 678.67తో భాగిస్తే తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటు 1.38. అయితే నేషనల్ లీగ్ ఈ సగటును అధికారికంగా లెక్కించడం 1912లో గానీ మొదలుపెట్టలేదు. 1884 పత్రికలో వెతికి కనపడలేదని కంగారు పడొద్దు.

మైదానం కొలత అడగండి

1884లో షికాగో ఆటగాడు నెడ్ విలియమ్‌సన్ 27 హోమ్ రన్లు కొట్టాడు. 1919లో బేబ్ రూత్ 29 కొట్టేదాకా అదే రికార్డు. ఆ 27లో 25 సొంత మైదానం లేక్‌ఫ్రంట్ పార్క్‌లోనివే. అక్కడ ఎడమ ఫెన్స్ 180 అడుగులు, కుడి ఫెన్స్ 196 అడుగులు. 1883లో ఆ ఫెన్స్ దాటితే రెండు బేస్‌లే ఇచ్చేవారు. ఆ ఏడాది విలియమ్‌సన్‌కు 49 డబుల్స్ (రెండు బేస్‌ల హిట్లు), 2 హోమ్ రన్లు. 1885లో జట్టు వేరే మైదానానికి మారింది, అతని హోమ్ రన్లు మూడుకు దిగాయి. 1894 మే 30న బోస్టన్ తరఫున ఒకే మ్యాచ్‌లో నాలుగు హోమ్ రన్లు కొట్టిన బాబీ లో అనే ఆటగాడిని కూడా ఇలాగే చూడాలి. సొంత మైదానం తగలబడడంతో తాత్కాలికంగా ఆడిన కాంగ్రెస్ స్ట్రీట్‌లో ఎడమ ఫెన్స్ బాగా దగ్గర.

పాత బాక్స్ స్కోర్ (మ్యాచ్ గణాంకాల పట్టిక) చదివేటప్పుడు

1870ల పత్రికల్లో "1బి" అన్న నిలువు వరస సింగిల్స్ లెక్క కాదు, మొత్తం హిట్లు. కింద రాసిన జట్టు సొంత మైదానంలో ఆడుతున్న జట్టనీ అనుకోవద్దు. ముందు ఎవరు బ్యాటింగ్ చేయాలో తేల్చడానికి 1887కు ముందు నాణెం ఎగరేసేవారు, ఆ తర్వాత చాలాకాలం సొంత జట్టు కెప్టెన్ ఇష్టం. స్కోర్ సరిపోయిందో లేదో చూడడానికి ఫీల్డింగ్ జట్టు పుట్-ఔట్లు (ఒక్కో ఫీల్డర్ ఔట్ చేసిన లెక్క) కూడండి. తొమ్మిది ఇన్నింగ్స్‌కు 27 రావాలి. 26 వస్తే అడుగున నక్షత్రం గుర్తు (*) కోసం చూడండి. ఇద్దరు ఔటై ఉండగా గెలుపు రన్ వచ్చిందనో, ఒకరిని అంపైర్ ఔట్‌గా ప్రకటించాడనో ఉంటుంది. అదీ లేకపోతే మరో పత్రిక చూడాల్సిందే. రాడ్‌బోర్న్ పేరు ఇంగ్లిష్‌లో చివర "ఈ" ఉన్నట్టూ లేనట్టూ వెతకండి.

దొంగిలించిన బేస్‌ల (హిట్ లేకుండానే పరుగెత్తి సంపాదించిన బేస్‌ల) విషయంలో మరీ జాగ్రత్త. 1886 నుంచి 1897 వరకు తోటివాడి హిట్ మీద అదనంగా ఒక బేస్ లాగినా దొంగతనంగానే రాసేవారు. 1887లో హ్యూ నికల్ పేరిట ఉన్న 138ని 1982లో రికీ హెండర్సన్ సాధించిన 130తో పోల్చకూడదు.

రాసేటప్పుడు అంకె పక్కన లీగ్, సంవత్సరం, ఏ లెక్క ప్రకారమో ఉండాలి. రాడ్‌బోర్న్‌కు "59 (60 అని కూడా లెక్కిస్తారు)" అంటే సరిపోతుంది. "చరిత్రలోనే అత్యధికం" అని రాసేముందు తేదీ కూడా చూసుకోండి. 2024లో నీగ్రో లీగ్‌ల (ఒకప్పటి నల్లజాతి ఆటగాళ్ల లీగ్‌ల) గణాంకాలను మేజర్ లీగ్ పట్టికల్లో కలిపారు. అప్పటిదాకా సీజన్ సగటుల్లో పైనున్న డఫీ .440 ఇప్పుడు 1943లో జోష్ గిబ్సన్ సాధించిన .466 కింద ఉంది.