ఏనుగులు పొలంలోకి రాకుండా తేనెటీగల కంచె ఎలా కట్టాలి?

తేనెటీగల కంచె అంటే పొలం చుట్టూ తేనెటీగల పెట్టెలు వేలాడదీసి, వాటిని వైరుతో కలిపి కట్టేది; ఏనుగు వైరుని నెడితే పెట్టెలు ఊగి ఈగలు రెచ్చిపోతాయి. దీని గురించి ఎవరు మాట్లాడినా ముందు పెట్టెల లెక్కే చెప్తారు. ఎన్ని కొన్నాం, ఎంత పొడవు కట్టాం, ఫొటోలు ఎంత బాగొచ్చాయి. ఆర్నెల్లయ్యాక వెళ్లి చూస్తే సగం పెట్టెల్లో సాలీళ్లు, మిగతా సగంలో చీమలు, ఏనుగేమో దర్జాగా మధ్యలోంచి వచ్చి పంట మేసి వచ్చిన దారినే పోయింది. అప్పుడంటారు "ఈ పద్ధతి పనిచెయ్యదండీ" అని. పద్ధతికేం, బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మీరు కట్టింది ఖాళీ పెట్టెల దండ. నేను కొత్తగా కట్టినవాటికంటే వేరేవాళ్లు కట్టి వదిలేస్తే బాగుచేసినవే ఎక్కువ, అందుకే కాస్త విసుగ్గా రాస్తున్నా, ఏమనుకోకండి.

అసలు అంత పెద్ద ఏనుగు ఇంత ఈగకి భయపడ్డం ఏంటి అని అందరూ అడుగుతారు. దాని చర్మం మందమే, కానీ కంటి చుట్టూ, చెవుల వెనక, తొండం లోపల మెత్తగా ఉంటుంది, ఈగలు వెతుక్కుని మరీ అక్కడే కుడతాయి. గున్నలకైతే ఒళ్లంతా పల్చటి చర్మమే. కెన్యాలో ఫ్రిట్జ్ వోల్‌రాత్, ఇయాన్ డగ్లస్-హామిల్టన్ అనే ఇద్దరు తేనెపట్టులున్న తుమ్మజాతి చెట్ల జోలికి ఏనుగులు పోవట్లేదని 2002లో రాశారు. తర్వాత లూసీ కింగ్ అనే ఆవిడ, ఇదే ఇద్దరితో కలిసి, రెచ్చిపోయిన ఈగల చప్పుడు రికార్డు చేసి ఏనుగుల గుంపులకి వినిపించింది, 80 సెకన్లలో 94 శాతం గుంపులు లేచి వెళ్లిపోయాయి, వేరే మామూలు చప్పుడు పెడితే 27 శాతమే కదిలాయి. ఇది 2007లో అచ్చయింది. ఆ ప్రయోగాల్లోంచే ఈ కంచె పుట్టింది. కెన్యాలోనే త్సావో పార్కు పక్కన సగల్లా దగ్గర పొలాల్లో ఏళ్ల తరబడి లెక్కలు రాసి 2024లో బయటపెట్టారు, పంట బాగా ఉన్న సీజన్లలో దగ్గరికొచ్చిన ఏనుగుల్లో 86 శాతం దాకా వెనక్కి మళ్లాయి. నూటికి నూరు కాదు, ఆ సంగతి ముందే తెలుసుకోండి. నూటికి నూరు అని చెప్పేవాడు మీకు ఏదో అమ్ముతున్నాడని అర్థం.

సరే, పనిలోకి వద్దాం.

ముందు పొలం చుట్టుకొలత కొలవండి. పెట్టెకీ పెట్టెకీ 10 మీటర్లు. చదరంగా ఉన్న ఎకరానికి చుట్టూ దాదాపు 255 మీటర్లొస్తుంది కాబట్టి పాతిక చోట్ల పెట్టెలు వేలాడాలి. అన్నీ నిజం పెట్టెలు అక్కర్లేదు, ఒకటి నిజం పెట్టె, పక్కది ఉత్తుత్తిది, అంటే పెట్టె సైజులో కోసిన ప్లైవుడ్ చెక్క. ఏనుగుకి దూరం నుంచి తేడా తెలీదు, ఖర్చు సగానికి తగ్గుతుంది. ఉత్తుత్తి చెక్కకి పసుపు పెయింట్ వెయ్యండి, వేరే రంగు వద్దు. ఎందుకని అడక్కండి, నాకు పసుపే నచ్చుతుంది.

గుంజలు తొమ్మిదడుగులవి, రెండడుగులు భూమిలోకి. చెదపట్టని కర్ర చూసుకోండి, లేదంటే పచ్చి కొమ్మలే పాతితే చిగురేసి చెట్టవుతాయి, అది ఇంకా మేలు. ఒక్కో పెట్టెకి రెండు గుంజలు, మధ్యలో ఒక మనిషి పెట్టె చుట్టూ తిరిగి పనిచేసుకునేంత ఎడం, పైన చిన్న గడ్డి కప్పు. కప్పు తప్పకుండా వెయ్యాలి, మిట్టమధ్యాహ్నం ఎండలో మైనం కరిగితే ఈగలు ఉండవు. పెట్టె మీ ఛాతీ ఎత్తులో వేలాడాలి, తేనె తీసేటప్పుడు నిచ్చెన ఎక్కే పని ఉండకూడదు. ఇదంతా మూడ్నాలుగు రోజుల పని, పార పట్టడం వచ్చిన ఎవరైనా చేస్తారు.

వైరు దగ్గర కొంచెం ఆగండి. మామూలు నున్నటి వైరు వాడండి, ముళ్ల కంచె వైరు వద్దే వద్దు. వైరు చివర గుంజకి కట్టకూడదు. మళ్లీ చెప్తున్నా, గుంజకి కట్టకూడదు. ఒక పెట్టె వేలాడే తీగ నుంచి మొదలుపెట్టి, గుంజ బయటివైపు నుంచి దానికి బిగించకుండా తెచ్చి, పక్క పెట్టె వేలాడే తీగకి కట్టాలి. ఏనుగు పెట్టె జోలికి రాదు, రెండు పెట్టెల మధ్య ఖాళీ చూసుకుని ఛాతీతో వైరుని నెడుతుంది, అప్పుడు అటూ ఇటూ రెండు పెట్టెలూ ఊగాలి, లోపలి ఈగలకి పిచ్చి లేవాలి. గుంజకి కట్టేస్తే గుంజ విరుగుతుంది, పెట్టె కదలదు, ఈగలు హాయిగా పడుకునుంటాయి. ఒకసారి ఒక సంస్థవాళ్లు కట్టిన కంచె చూడ్డానికి పిలిస్తే వెళ్లా, పెట్టెలన్నీ మేకులు కొట్టి మరీ గుంజలకి బిగించారు, ఎందుకంటే "గాలికి ఊగుతున్నాయి సార్" అంట. ఊగడానికే కదయ్యా వేలాడదీసేది!

బిగుతు ఎంతో తెలియాలంటే ఖాళీ పెట్టెలున్నప్పుడే వైరు మధ్యలో చేత్తో గట్టిగా నెట్టండి. రెండు పెట్టెలూ జానెడు పక్కకి రావాలి. రాకపోతే వదులు, ఏనుగు తొండంతో ఎత్తి కిందనుంచి దూరిపోతుంది. చిన్న గాలికే ఊగితే మరీ బిగుతు, రోజంతా ఊగితే ఈగలకి విసుగొచ్చి దారినపోయే మనుషుల్నీ మేకల్నీ కుడతాయి.

ఇంకోటి, చుట్టూ మూసెయ్యాలి. మూడువైపులా కట్టి నాలుగోవైపు "అటు రావులే" అనుకుంటే ఏనుగు కంచె పొడుగునా నడుచుకుంటూ వెళ్లి ఆ నాలుగోవైపే తేలుతుంది. మీ ఒక్కరి పొలానికే కట్టుకుంటే పక్కాయన పొలంలోకి తోలినట్టే, రేపు ఆయనే మీ వైరు కోస్తాడు. ఇరుగుపొరుగు నలుగురైదుగురు కలిసి కట్టుకోండి, తేనె ఎలా పంచుకోవాలో కాగితం మీద పెట్టుకుని మరీ మొదలుపెట్టండి. తేనె వచ్చాక మాట్లాడుకుందాం అంటే అప్పుడు మాటలుండవు, తగాదాలే.

ఇక అసలు కష్టం. ఈగలు రావడం, వచ్చినవి ఉండిపోవడం. అందరూ బోల్తాకొట్టేది ఇక్కడే.

ఈగల్ని కొనుక్కొచ్చి పెట్టెలో పోస్తే అయిపోతుంది అనుకుంటారు. ఎక్కడినుంచో తెచ్చిన జాతి ఇక్కడి ఎండకి, ఇక్కడి పూలకి అలవాటుపడదు, రోగాలు కూడా వెంట తెస్తుంది, చుట్టుపక్కల ఉన్న ఈగలకీ అంటిస్తుంది. ఊళ్లో ఏ జాతి ఉందో అదే వాడాలి. ఆఫ్రికాలో ఉండే ఈగ కోపిష్టిది, ఆసియాలో పెట్టెల్లో పెంచే పుట్ట తేనెటీగ దానితో పోలిస్తే సాధువు, అందుకని ఆసియాలో కంచెలు కొంచెం తక్కువ పనిచేస్తాయని కొందరు పెదవి విరుస్తారు. సాధువు కాబట్టే దాని పెట్టె నిండుగా ఉండాలి, నాలుగు ఈగలున్న పెట్టె ఊగితే ఏనుగు చెవి కూడా ఆడించదు.

నేనైతే ఈగలు వాటంతటవే వచ్చేదాకా కాచుకుంటా. గుంపులు విడిపోయి కొత్త ఇల్లు వెతుక్కునే సీజన్ ఒకటుంటుంది, పూలు విరగబూసే రోజులు, దానికి ఒక నెల ముందే పెట్టెలు వేలాడి ఉండాలి. పాత మైనం కరిగించి పెట్టె లోపల పైచట్రాలకి, అంటే ఈగలు అరలు కట్టుకునే చెక్కపట్టీలకి, రాయండి, కొత్త చెక్క వాసన, పెయింట్ వాసన ఉంటే గుంపు మాట అటుంచి, ముందుగా ఇల్లు వెతకడానికొచ్చే ఈగలు కూడా లోపలికి తొంగిచూడవు. పెట్టె లోపలివైపు పెయింట్ వేసినవాళ్లని నేను చూశాను, వార్నిష్ కూడా కొట్టారు, మెరుస్తోంది, రెండేళ్లు మెరుస్తూనే ఉంది, ఒక్క ఈగ రాలేదు.

ఒక పొద్దున్నే ఖాళీ పెట్టె గుమ్మం దగ్గర ఐదారు ఈగలు లోపలికీ బయటికీ తిరుగుతూ కనిపిస్తే అవి ఇల్లు చూసుకోడానికొచ్చినవి. అప్పుడు పెట్టె తెరవద్దు. మూత కొంచెం ఎత్తి చూద్దాం అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది, చేతులు కట్టుకుని వెనక్కొచ్చెయ్యండి. గుంపు దిగాక కూడా మూడు వారాలు ముట్టుకోవద్దు. నేనైతే ఆ మూడు వారాలూ ఆ పెట్టెకి వైరు కూడా తగిలించను, మైనపు అరలు కట్టుకుని పిల్లలు పుట్టాక అవి ఇల్లు వదిలి అంత తేలిగ్గా పోవు, అప్పుడు కలుపుతా. ముందే కలపాలి అనేవాళ్లున్నారు, వాళ్ల పెట్టెలు ఎన్ని నిండాయో అడగండి.

ఉండిపోవాలంటే నాలుగు చూడాలి. చీమలు మొదటివి. పెట్టె వేలాడే ప్రతి తీగకీ గ్రీజు రాయండి, వారానికోసారి చూడండి, దుమ్ము పట్టి గట్టిపడితే తుడిచి మళ్లీ రాయాలి. కంచె పొడుగునా గడ్డి ఎదిగి వైరుకి తగిలితే అదే చీమలకి వంతెన, గ్రీజు దండగ. రెండోది మైనపు పురుగు, బలంగా ఉన్న గుంపు దాన్ని తనే తరిమేస్తుంది, ఖాళీ పెట్టెలో పాత అరలు వదిలేస్తే మాత్రం బూజులాగా అల్లేసి మొత్తం తినేస్తుంది, ఖాళీ అయిన పెట్టె అదే వారం దించి శుభ్రం చెయ్యండి. మూడోది నీళ్లు. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి అందులో గులకరాళ్లు వెయ్యండి, రాళ్లు లేకపోతే ఈగలు మునిగి చస్తాయి. నాలుగోది పూలు, పంట పూసే నెల కాక మిగతా పదకొండు నెలలు అవి ఏం తినాలి? కంచె గట్టున వేర్వేరు నెలల్లో పూసే మొక్కలు వేసుకోండి. కరువొస్తే ఇవన్నీ చేసినా దెబ్బే, సగల్లాలో 2017 కరువు తర్వాత ఈగలున్న పెట్టెలు నాలుగింట మూడొంతులు తగ్గిపోయాయి, ఆ దెబ్బ మూడేళ్లదాకా పోలేదు. అలాంటి ఏడు చక్కెర పాకం పోసైనా కొన్ని గుంపుల్ని కాపాడుకోవాలి.

కరెంటు కంచె ఇంతకంటే తేలిక కదా అంటారు. తేలికే. బ్యాటరీ చచ్చిన రోజు ఉత్త తీగ, పైగా మగ ఏనుగులు దంతాలతో వైరు తెంపడం నేర్చుకుంటాయి, దంతానికి షాక్ కొట్టదు మరి. కొందరు మెయిన్ లైన్ నుంచి నేరుగా లాగుతారు, దానికి ఏనుగులే కాదు మనుషులూ చచ్చిపోతున్నారు. టపాకాయలకి నాలుగు రోజుల్లో అలవాటుపడిపోతాయి. మిరపకాయ పొగ బానే ఉంటుంది కానీ గాలి అటు తిరిగితే దగ్గేది మనమే. పైగా వీటిలో ఏదీ తేనె ఇవ్వదు.

తేనె అన్నాను కాబట్టి, మొదటి ఏడు తియ్యొద్దు. తర్వాత కూడా సగమే. అంతా పిండుకున్న వాళ్ల పెట్టెలు పూలులేని నెలలో ఖాళీ అవుతాయి, కంచెలో 20 మీటర్ల సందు పడుతుంది, ఏనుగుకి ఆ సందు చాలు. సాయంత్రం పొద్దుగూకాక తియ్యండి, ముందు రెండుపక్కలా వైరు విప్పి, పొగ పెట్టి ఒక నిమిషం ఆగి మూత తీయాలి. ఈగ కుట్టినప్పుడు అరటిపండు లాంటి వాసన వస్తుంది, అది మిగతావాటికి పిలుపు, ఆ వాసన తగిలిందంటే ఇంకో దఫా పొగ కొట్టి కాసేపు దూరంగా పోండి, వీరత్వం చూపించకండి. పని అయ్యాక వైరు మళ్లీ తగిలించడం మర్చిపోవడం మా దగ్గర అందరం ఒక్కసారైనా చేసిన తప్పు, అందుకే విప్పిన కొక్కేన్ని జేబులో వేసుకుంటా, ఇంటికెళ్లి కూర్చుంటే గుచ్చుకుంటుంది.

రాత్రుల సంగతి కూడా చెప్పాలి. ఏనుగులు వచ్చేది ఎక్కువ రాత్రే, ఈగలు ఎగిరేది పగలే, చలి రాత్రయితే పెట్టె ఊగినా లోపలే గుంపుకట్టుకుని కూర్చుంటాయి. కానీ ఒకసారి కుట్టించుకున్న ఏనుగుకి ఆ వాసన, ఆ పెట్టె ఆకారం గుర్తుంటాయి, ముసలి ఆడ ఏనుగు తల విదిలించి, మట్టి చల్లుకుని, ఒక రకంగా గుర్రుమని గుంపుని మళ్లిస్తుంది. అందుకని పంట చేతికొచ్చే వారాల్లో కాపలా మానొద్దు, కంచె ఉంది కదా అని పడుకోవద్దు. అడవి పందులకి, కోతులకి ఈ కంచె ఏమీ చెయ్యదు, వాటి గోల వేరే.

చివరిగా ఒక నోటు పుస్తకం. ప్రతి పెట్టెకీ నంబరు రాసి, వారానికోసారి ఈగలున్నాయా లేదా, ఏనుగు అడుగులు ఏ రెండు పెట్టెల మధ్య దాకా వచ్చి ఆగాయి, ఎటు మళ్లాయి, అంతే రాయండి. మా పుస్తకంలో 14కీ 15కీ మధ్య అడుగులు ఎప్పుడూ ఎక్కువే, వెళ్లి చూస్తే 15 నీడ లేని చోట ఉంది, కప్పు గడ్డి గాలికి లేచిపోయింది, మధ్యాహ్నం పెట్టె మీద చెయ్యి పెడితే కాలుతోంది. కప్పు మళ్లీ నేసి, పక్కన ఒక మొక్క పాతాం. పోయిన వారం 15లో ఈగలు దిగాయి.