యాంగోన్ పాత మేడల్లో కాపురం ఉండేవారికి: వానలకు ముందే పాటించవలసిన జాగ్రత్తలు

2025 మార్చి 28న బర్మాలోని సగాయింగ్ దగ్గర 7.7 తీవ్రతతో వచ్చిన భూకంపానికి, 1934లో బ్రిటిష్‌వారు ఐరావతిపై కట్టిన ఆవా వంతెన కూలిపోయింది. యాంగోన్, అంటే పాత రంగూన్, ఆ చోటికి చాలా దూరం కనుక ఇక్కడి మేడలు నిలిచాయి. అయితే నిలిచిన గోడల్లోని సన్నని బీటలు కూడా నీటికి దారే. మే నడుమ నుంచి అక్టోబరు దాకా ఈ ఊళ్లో కురిసే వాన హైదరాబాదులో ఏడాదంతా కురిసేదానికి దాదాపు మూడింతలు. దోమతెరలు, కాచిన నీళ్ల గురించి చెప్పనక్కరలేదు. ఇది గోడల సంగతి.

కాకినాడ, విశాఖ తీరాల నుంచి ఓడలెక్కి వచ్చిన మనవారు మూటలు మోసిన రేవు వెనుక వీధుల్లోని మేడలు చాలావరకు ఇటుకతో, సున్నపు గారతో కట్టినవి. ఆ గోడలు వానకు చెమ్మను పీల్చుకొని, ఎండకు వదిలేస్తాయి. ఇన్నేళ్లు అవి నిలవడానికి కారణం అదే. చెమ్మ మరక కనబడగానే దానిపై సిమెంటు పూత వేయించడమే అందరూ చేసే తప్పు. సిమెంటు చెమ్మను బయటికి పోనివ్వదు. లోపల చిక్కిన నీరు గోడలో పొదిగిన టేకు దూలాల కొనలను కుళ్లబెడుతుంది. ఉక్కు దూలాలైతే తుప్పు పట్టి ఉబ్బి ఇటుకలను పగలగొడతాయి.

ఆడపిల్ల పెళ్లికని గోడలన్నీ నున్నగా సిమెంటు చేయించిన ఒక ఇంటిని నేను చూశాను. కొన్ని వానాకాలాలకే పై అంతస్తు నేల ఒక మూలకు వాలింది. పూత మీద వేలితో కొడితే బోలుగా మోగింది, దూలం కొనలో గుచ్చిన స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది. ఆ కుటుంబం పెళ్లికి దాచిన సొమ్ముతో పాటు ఇల్లు కూడా పోగొట్టుకుంది. చెమ్మ గోడకు సిమెంటు వేయించకండి. టైల్స్, ప్లాస్టిక్ రంగులు చేసేదీ అదే పని. బీటలను సున్నపు గారతోనే పూడ్పించండి. గార ఆరడానికి వారాలు పడుతుంది కనుక ఏప్రిల్ నడుమ వచ్చే బర్మా కొత్త సంవత్సరపు తింజాన్ పండుగ ముగియగానే పని మొదలుపెట్టండి. గార తెలిసిన మేస్త్రీ దొరకకపోతే గోడను అలాగే వదిలేయండి.

పిట్టగోడ మీద మొలిచిన రావి మొక్కను పీకకండి. దాని వేరు ఇటుకల మధ్య పాకి ఉంటుంది, లాగితే వాటిని వెంటబెట్టుకొని వస్తుంది. మొదలంటా కోసి, వేరు ఎండిన తరువాత సందును గారతో నింపండి. నగర అభివృద్ధి కమిటీ వారసత్వ జాబితాలో ఉన్న 189 కట్టడాల్లో అధికభాగం ప్రభుత్వ భవనాలూ, గుళ్లూ, చర్చిలూ. మీ అద్దె మేడ బాగు చూడడానికి ఎవరో వస్తారని కూర్చోకండి.

పైకప్పు గొట్టాల్లోని ఆకులను మే మొదటి వారంలోనే తీయించండి. వెనుక సందులోకి చెత్త విసరకండి, అక్కడి కాలువ మూసుకుంటే నీరు మీ పునాదిలోకే వస్తుంది. బాల్కనీలో వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టకండి, నిండితే అది ఒక టన్ను బరువు. జనరేటరు బాల్కనీలో వద్దు, మెట్ల కింద అసలే వద్దు. మెట్ల దగ్గరి కరెంటు మీటర్లను తడి చేతితో తాకకండి. కింది నుంచి సరుకులు అందుకోవడానికి బాల్కనీ నుంచి తాడు వేలాడదీసేవారు తుప్పు పట్టిన కమ్మీ మీద వాలకండి. వాన పడుతుంటే పాత మేడ చూరు కింద నిలబడకండి. గది అందంగా కనిపించాలని మధ్య గోడ కొట్టించకండి. పై అంతస్తు అద్దెదారు కొట్టిస్తుంటే ఊరుకోకండి. తలుపు నిన్నటిదాకా మూసుకొని ఈ రోజు మూసుకోకపోతే, గడప చెక్కించకుండా ముందు పైదూలం చూడండి. వానల మధ్యలో గోడ ఎంత నల్లబడినా, ఇంటి యజమాని ఎంత తొందరపెట్టినా సిమెంటు బస్తాను మెట్లెక్కనివ్వకండి. నవంబరులో గోడ ఆరిన తరువాత గార మేస్త్రీని పిలవండి.