టెన్స్ ప్రశ్నల్లో పక్క క్రియను చూసి ఈ క్రియను దిద్దకండి

ఎస్‌ఎస్‌సీ (పదో తరగతి కాదు, కేంద్ర ఉద్యోగాల పరీక్షలు పెట్టే స్టాఫ్ సెలక్షన్ కమిషన్) ప్రాథమిక జవాబుల కీ బయటికొచ్చిన రోజు కోచింగ్ గదుల్లో ఒక మాట తప్పక వినిపిస్తుంది: "ముందు కరెక్టే పెట్టాను, మళ్లీ చూసి మార్చేశాను." ఎస్‌ఎస్‌సీ పెట్టే డిగ్రీ స్థాయి పరీక్ష సీజీఎల్‌లో మొదటి దశ అయిన టైర్-1లో ఒప్పుకి 2 మార్కులు, తప్పుకి అర మార్కు కోత. ఒప్పును చెరిపి తప్పు పెడితే రెండున్నర మార్కులు గల్లంతు. టైర్-2 ఇంగ్లిష్‌లో ఒప్పుకి 3, తప్పుకి 1 కోత కాబట్టి అక్కడ దెబ్బ 4 మార్కులు.

టెన్స్‌ల పట్టిక మీకు వచ్చనే అనుకుందాం. మునిగేది అది రాక కాదు. వాక్యంలో ఒక క్రియ పాస్ట్‌లో ఉంది కదా అని రెండోదాన్ని కూడా పాస్ట్‌లోకి లాగేసి మునుగుతారు. పక్క క్రియను చూసి ఈ క్రియను దిద్దడం అన్నమాట. "టెన్స్ కన్సిస్టెన్సీ" అన్న మాటను "అన్నీ ఒకే టెన్స్" అని బట్టీ పట్టడం వల్ల వచ్చే తంటా ఇది.

దీని వేరు మన భాషలోనే ఉంది. "ఇంటికొచ్చి, అన్నం తిని, పడుకున్నాడు" అంటాం. వచ్చి, తిని అన్నవాటికి కాలం లేదు. చివర "పడుకుంటాడు" అని మారిస్తే చాలు, వాక్యం మొత్తం మారిపోతుంది. ఒక్క క్రియ కాలం చెబితే మిగతావి దాని వెనక నడుస్తాయి. ఇంగ్లిష్‌లో కర్తతో కలిసి నడిచే ప్రతి క్రియా తన కాలాన్ని తానే మోసుకోవాలి. కాబట్టి ప్రతిదాన్నీ విడిగా అడగాలి: ఈ పని ఎప్పుడు జరిగింది?

"హీ ఓపెన్డ్ ది డోర్, లుక్స్ అరౌండ్ అండ్ వాక్డ్ అవుట్." మూడు పనులూ ఒకదాని వెంట ఒకటి, ఒకే సందర్భంలో జరిగాయి. మధ్యలో కాలం మారడానికి కారణం లేదు, కాబట్టి లుక్స్ తప్పు, లుక్డ్ ఉండాలి.

"షీ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2019 అండ్ నౌ వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్." ఇందులో తప్పేమీ లేదు. 2019 ఒక కాలం, నౌ ఇంకో కాలం. ఇక్కడ వర్క్స్‌ని వర్క్డ్ చేసేవాళ్లు కోకొల్లలు. నౌ అన్న పదాన్ని చూడలేదు, గ్రాడ్యుయేటెడ్‌ని చూశారు.

కాబట్టి క్రమం ఇది. మొదట కాలం చెప్పే పదం వెతకండి: యెస్టర్‌డే, సిన్స్, నౌ, బై ది టైమ్, ఇన్ 2019. ఇంప్రూవ్‌మెంట్ ప్రశ్నల్లో, అంటే గీత గీసిన భాగాన్ని సరిచేయమనే ప్రశ్నల్లో, అది తరచూ గీత గీయని భాగంలో ఉంటుంది. ఆ భాగాన్ని మీరు మార్చలేరు కాబట్టి గీత గీసిన క్రియే దానికి లొంగాలి. ఆ తర్వాత ఏ పని ముందు, ఏది వెనక అన్నది తేల్చండి. క్రియ జోలికి వెళ్లాల్సింది అప్పుడే.

తెలుగు చెవి మోసం చేసే చోట్లు కొన్ని ఉన్నాయి. "వస్తానన్నాడు" మనకు సహజం, అందుకే "హీ సెడ్ దట్ హీ విల్ కమ్" చెవికి తగలదు. పరీక్షలో అది వుడ్ కమ్. "వర్షం పడితే" అన్నప్పుడు పడితేకి కాలం లేదు, దాంతో "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" రాసేస్తాం. ఇఫ్ ఇట్ రెయిన్స్ అనాలి. "ఐదేళ్లుగా ఉంటున్నాను" అన్న ఊపులో "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" వస్తుంది. హావ్ బీన్ లివింగ్ కావాలి, సిన్స్ పోయి ఫర్ రావాలి. "మేం వెళ్లేసరికి రైలు వెళ్లిపోయింది" అన్నదాంట్లో ముందు జరిగింది రైలు పని, కాబట్టి "బై ది టైమ్ వి రీచ్డ్, ది ట్రెయిన్ హాడ్ లెఫ్ట్". ముందు జరిగినదానికే హాడ్.

(ఎంబీఏ కోసం జీమ్యాట్ రాసేవాళ్లు ఇంత శ్రమ పడక్కర్లేదు. 2023 నవంబరులో వచ్చిన కొత్త జీమ్యాట్‌లో సెంటెన్స్ కరెక్షన్, అంటే వాక్యం దిద్దే ప్రశ్నలు, లేదు. పాత పుస్తకాలు చూసి నెలలు ఖర్చు చేయకండి.)

ఇక ఇవి గుర్తుంచుకోండి:

ముందు సిన్స్ లేకుండా యెస్టర్‌డే, లాస్ట్ వీక్, ఇన్ 2019 కనిపిస్తే హావ్, హాజ్ ఉన్న ఆప్షన్ కొట్టేయండి. "ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే" ఎప్పటికీ తప్పే.

"ది టీచర్ టోల్డ్ అస్ దట్ ది ఎర్త్ రివాల్వ్స్ అరౌండ్ ది సన్." రివాల్వ్స్‌ని ముట్టుకోవద్దు. టీచర్ చెప్పడం అయిపోయింది, భూమి తిరగడం అయిపోలేదు.

"ఇట్ ఈజ్ హై టైమ్ యూ స్టార్టెడ్." ఇదే సరైనది. ఈజ్‌ని చూసి స్టార్టెడ్‌ని స్టార్ట్ చేయకండి. మళ్లీ అదే పక్క క్రియ రోగం.

సజెస్టెడ్ దట్, రికమెండెడ్ దట్ తర్వాత మూల రూపం: "హీ సజెస్టెడ్ దట్ షీ రిజైన్." రిజైన్డ్ కాదు, రిజైన్స్ కాదు.

నో సూనర్‌తో దాన్. హార్డ్లీతో వెన్.

కట్, పుట్, హిట్ పాస్ట్‌లోనూ మారవు. హీ పక్కన ఎస్ లేని కట్ ఉంటే అది పాస్టే. "హీ కట్ ది రోప్ అండ్ రన్స్ అవే"లో తప్పు కట్‌లో లేదు, రన్స్‌లో ఉంది.

రెండు ఆప్షన్లలో టెన్స్ ఒకటే అయితే టెన్స్ వదిలేయండి. కర్త ఏకవచనమా, బహువచనమా చూడండి.

తప్పు వెతకమనే ప్రశ్నల్లో తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేకపోతే నో ఎర్రర్ పెట్టండి. ప్రశ్న ఇచ్చారు కదా, ఏదో తప్పు ఉండే తీరాలని తవ్వకండి.

చివరి రెండు నిమిషాల్లో టెన్స్ జవాబు మార్చాలనిపిస్తే, మార్చమంటున్న కాలపదం ఏదో వాక్యంలో చూపించండి. అది దొరకలేదంటే మీరు చూస్తున్నది పక్క క్రియనే. వదిలేయండి.