పాప ఉలకదు పలకదు అంటే మొండితనం అనుకోవద్దండి: క్లాసులో ట్రామా (మనసుకి తగిలిన మానని గాయం) ఉన్న పిల్లల్ని ఎట్లా చూసుకోవాలి

మా ఆదోని వైపు తెలుగు చెప్తా నేను. ఒకసారి ఏడో తరగతికి 'మా నాన్న' మీద పది లైన్లు రాయమంటే ఒక పాప పెన్ను పట్టుకోని అట్లే కూర్చునింది, మొండికేసింది అనుకోని అందరి ముందర లేపి నిలబెట్టినా. వాళ్ల నాన్న అప్పుల బాధతో ప్రాణం తీసుకోని నాలుగు నెలలు కూడా కాలేదని తర్వాత తెలిసింది. ఆ తప్పు ఇంకో టీచర్ చెయ్యకూడదనే ఇది రాస్తున్నా.

భయం వేస్తే ఒంట్లో అలారం మోగుతుంది, గుండె దడదడ కొట్టుకుంటుంది, కొందరు కొట్లాటకి దిగుతారు కొందరు పారిపోతారు కొందరు బిగుసుకుపోతారు. ప్రమాదం పోయినాక అది ఆగాల, ట్రామా ఉన్న పిల్లలకి ఆగదు, బెంచీ కింద పడిన శబ్దానికి కూడా మళ్లీ మోగుతుంది. 2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు నది ఊళ్ల మీద పడింది కదా, అది కళ్లారా చూసిన పిల్లోడికి గట్టి వాన పడితే లెక్కలు ఎట్లా ఎక్కుతాయి చెప్పండి.

అన్నిటికన్నా పనిచేసేది, ముందే చెప్పడం. ఈ రోజు ఏం చేస్తామో పొద్దున్నే బోర్డు మీద రాయండి, పరీక్ష ఉన్నా వేరే సార్ వస్తున్నా ముందు రోజే చెప్పండి. ఎక్కడ కూర్చుంటావు అని వాళ్లనే అడగండి, చాలామంది వీపు గోడకి ఆనించి తలుపు కనిపించే చోటు కోరుకుంటారు. వెనకనుంచి భుజం మీద చెయ్యి వెయ్యద్దు.

బిగుసుకుపోయినప్పుడు 'ఏమైందిరా' అని గుచ్చి గుచ్చి అడగద్దు. పక్కన కూర్చోని మెల్లగా, 'కాళ్లు నేలకి ఆనించు నాయనా, ఊపిరి నిదానంగా వదులు, ఇక్కడ కనపడే ఐదు వస్తువులు చెప్పు' అనండి, కొంచెం నీళ్లు ఇయ్యండి. మిగతా క్లాసుకి ఏదో ఒక పని ఇచ్చేయండి, అందరూ వాడినే చూస్తుంటే ఇంకా ఎక్కువ అవుతుంది. బెత్తం మాటే వద్దు, కొట్టడం, మనసు నొప్పించడం రెండూ 2009 విద్యాహక్కు చట్టంలోనే నిషేధం.

వాళ్లంతట వాళ్లు చెప్తే వినండి. కానీ 'ఎవరికీ చెప్పను' అని మాట ఇయ్యద్దు, ఎందుకంటే లైంగిక వేధింపు అయితే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాల. పిల్లల హెల్ప్‌లైన్ 1098, మనసు బాగలేకుంటే మాట్లాడేదానికి టెలీ మానస్ 14416, రెండూ స్టాఫ్ రూంలో రాసి పెట్టుకోండి.

సుగ్గికి, అంటే కూలి పనికి వేరే ఊళ్లకి వలస పోయినోళ్ల పిల్లలు చాలామంది అవ్వ దగ్గర ఉంటారు, అమ్మానాన్నని పిల్చుకోని రా అనేముందు ఇంట్లో ఎవరున్నారో కనుక్కోండి, ప్రోగ్రెస్ కార్డు మీద అవ్వ వేలిముద్ర అయినా చాలు అనండి. నేనైతే ఇప్పుడు 'మా నాన్న' అని ఇయ్యను, 'నాకు ఇష్టమైన మనిషి' అని ఇస్తా. ఆ పాప వాళ్ల అవ్వ గురించి ఎనిమిది లైన్లు రాసింది.