కుటుంబ జీవితంలో గడియల ప్రార్థన: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా కొనసాగించాలి

రోజులోని ఆయా వేళల్లో కీర్తనలతో, బైబిలు పఠనాలతో చేసే గడియల ప్రార్థన గురువులకు, మఠవాసులకు మాత్రమే చెందినదని చాలామంది అనుకుంటారు. నిజానికి అది మొత్తం శ్రీసభ ప్రార్థన. రెండవ వాటికన్ మహాసభ 1963లో దైవార్చనపై వెలువరించిన పత్రం, గృహస్థులు కూడా గురువులతో కలిసి గానీ, తమలో తాము గానీ, ఒంటరిగా గానీ ఈ ప్రార్థన చేయాలని ప్రోత్సహించింది. ఆరవ పౌలు పోపుగారు 1970లో సంస్కరించిన గ్రంథాన్ని ఆమోదించిన తరువాత, ఈ ప్రార్థన ఎలా చేయాలో వివరిస్తూ 1971లో వెలువడిన సాధారణ ఉపదేశం తన 27వ పేరాలో కుటుంబాన్ని గృహ దేవాలయంగా పేర్కొని, ఈ ప్రార్థనలోని కొన్ని భాగాలనైనా ఇంటిల్లిపాదీ కలిసి చెప్పుకోవడం తగినదని చెప్పింది. అదే సమయంలో, అభిషిక్తులైన గురువులకు ఉన్న కట్టుబాటు గృహస్థులకు లేదు. ఈ రెండు విషయాలనూ కలిపి గుర్తుంచుకోవాలి. ఇది మీ ప్రార్థనే, అయితే ఏ పూట ఎంత చెప్పాలన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి మీరు నిర్ణయించుకోవచ్చు. మఠంలో గంట మోగితే పని ఆగుతుంది, ఇంట్లో పసిబిడ్డ ఏడిస్తే ప్రార్థన ఆగుతుంది. ఈ తేడాను ముందే ఒప్పుకున్న కుటుంబం ఎక్కువ కాలం కొనసాగుతుంది.

రోజు మొత్తానికి ఉన్న ప్రార్థనలు ఇవి: పఠన ప్రార్థన, ఉదయ ప్రార్థన, పగటిపూట చేసే మూడు చిన్న ప్రార్థనలు (వీటిలో ఒక్కటి చెప్పినా సరిపోతుంది), సాయంకాల ప్రార్థన, రాత్రి ప్రార్థన. ఉదయ, సాయంకాల ప్రార్థనలే మొత్తానికి ఇరుసులని మహాసభ చెప్పింది కాబట్టి, కొత్తగా నేర్చుకునేవారికి సాధారణంగా ఆ రెండింటితోనే మొదలుపెట్టమని సలహా ఇస్తుంటారు. ప్రాధాన్యం విషయంలో అది నిజమే గానీ, కుటుంబాలకు నేనిచ్చే సలహా వేరు: రాత్రి ప్రార్థనతో మొదలుపెట్టండి, కనీసం ఒక తపస్కాలమంత కాలం, అంటే పాస్కా పండుగకు ముందు వచ్చే నలభై రోజులంత కాలం, దాన్ని మాత్రమే చెప్పండి.

ఇందుకు కారణాలు పూర్తిగా ఆచరణకు సంబంధించినవే. ఉదయ, సాయంకాల ప్రార్థనల కీర్తనలు నాలుగు వారాల చక్రంలో తిరుగుతాయి. వాటి మీద ఆగమన కాలం (క్రిస్మస్‌కు ముందు వారాలు), తపస్కాలం, పాస్కా కాలం, పునీతుల స్మరణలు వచ్చి చేరతాయి కనుక పుస్తకంలో రెండు మూడు చోట్ల వెతుక్కోవలసి ఉంటుంది. రాత్రి ప్రార్థన చక్రం ఏడు రోజులదే, దాదాపు అంతా ఒకే చోట అచ్చయి ఉంటుంది. అంతకన్నా మేలైన సౌలభ్యం మరొకటుంది: కీర్తనలు కంఠతా వచ్చేలా, ఏ రోజైనా ఆదివారపు కీర్తనలనే వాడుకోవడానికి సాధారణ ఉపదేశం అనుమతిస్తుంది. శనివారం రాత్రి (దైవార్చన లెక్కలో ఆదివారం శనివారం సాయంత్రమే మొదలవుతుంది) చెప్పే 4వ, 134వ కీర్తనలు గానీ, ఆదివారం రాత్రి చెప్పే 91వ కీర్తన గానీ ఇంట్లో అందరికీ నోటికి వస్తే, ఇక దీపం ఆర్పేసి కూడా ప్రార్థన చెప్పుకోవచ్చు. పైగా రాత్రి ప్రార్థన నిద్రకు ముందు చెప్పేది కాబట్టి, అర్ధరాత్రి దాటినా దాని వేళ మించిపోయినట్టు కాదు.

దాని వరుస ఇలా ఉంటుంది. "దేవా, నన్ను ఆదుకొన రమ్ము" అన్న పిలుపుతో, సిలువ గుర్తుతో మొదలుపెట్టాలి. తరువాత కాసేపు మౌనంగా ఆత్మపరిశోధన. పిల్లలున్న ఇంట్లో ఈ మౌనం అర నిమిషం మించకపోవడం మంచిది; ఆ అర నిమిషంలోనే, పొద్దున అన్నను కొట్టిన చెల్లి వాడి వైపు ఓరగా చూడటం మీ కంటబడుతుంది. అప్పుడు ఏమీ అనకండి, సంజాయిషీలు అడగకండి. తరువాత ఒక స్తుతిగీతం, ఒకటి లేక రెండు కీర్తనలు, రెండు మూడు వాక్యాల పఠనం, "ప్రభూ, నీ చేతులలోనికి నా ఆత్మను అప్పగించుచున్నాను" అనే ప్రత్యుత్తర గీతం, లూకా సువార్త 2వ అధ్యాయంలోని సిమియోను గీతం, ముగింపు ప్రార్థన, ప్రశాంతమైన రాత్రిని కోరే చిన్న ఆశీర్వాదం, చివరగా మరియమాతకు ఒక పాట. పాస్కా కాలంలో ఈ చివరి పాట "పరలోక రాజ్ఞీ, ఆనందించు" అన్నదే కావాలి, మిగతా కాలాల్లో మీకు వచ్చినది పాడుకోవచ్చు. మొత్తం పది నిమిషాలు పట్టదు.

పిల్లలకు పని అప్పగించడం ఇక్కడే మొదలవ్వాలి. చదవడం రాని బిడ్డ కీర్తనకు ముందూ వెనుకా వచ్చే పల్లవిని పట్టుకోగలదు. చదవడం వచ్చిన బిడ్డకు పఠనం ఇవ్వవచ్చు. కీర్తనను రెండు పక్షాలుగా విడిపోయి చరణం తరువాత చరణం చెప్పుకోవాలి: ఒక వైపు అమ్మ, చిన్నవాడు, మరో వైపు నాన్న, పెద్దమ్మాయి. చరణంలో పంక్తి మధ్య నక్షత్రం గుర్తు ఉన్నచోట ఒక ఊపిరి తీసుకునేంతసేపు ఆగాలి, ఒక పక్షం ముగించగానే రెండవ పక్షం వెంటనే అందుకోవాలి. కొత్తవారు దీనికి పూర్తిగా విరుద్ధంగా చేస్తారు, అంటే పంక్తి మధ్యలో పరుగెత్తి చరణాల మధ్య ఆగిపోతారు. మధ్యలో ఆగడం అలవాటైన రోజున ఎవరూ ఎవరినీ తోసుకోకుండా గొంతులు వాటంతటవే కలుస్తాయి. కీర్తన చివర "పితకు, పుత్రునికి, పవిత్రాత్మకు మహిమ" అన్నప్పుడు తల వంచడం, సువార్త గీతం మొదలుకాగానే లేచి నిలబడి సిలువ గుర్తు వేసుకోవడం పిల్లలు పెద్దలకన్నా త్వరగా నేర్చుకుంటారు, మీరు మరచిపోతే గుర్తుచేస్తారు కూడా.

రాత్రి ప్రార్థన ఇంట్లో స్థిరపడిన తరువాతే ఉదయ ప్రార్థన జోలికి వెళ్లండి. రోజులో ఇదే మొదటి ప్రార్థన అయితే, పెదవుల మీద సిలువ గుర్తు వేసుకుంటూ "ప్రభూ, నా పెదవులు తెరువుము" అని మొదలుపెట్టి, ఆహ్వాన కీర్తనగా 95వ కీర్తన చెప్పాలి. తరువాత స్తుతిగీతం, ఒక కీర్తన, పూర్వనిబంధన నుండి ఒక గీతం, మరొక స్తుతి కీర్తన, చిన్న పఠనం, ప్రత్యుత్తర గీతం, లూకా సువార్త 1వ అధ్యాయంలోని జెకర్యా గీతం, విన్నపాలు, పరలోక ప్రార్థన, ముగింపు ప్రార్థన. గురువు లేనప్పుడు "ప్రభువు మనలను ఆశీర్వదించి, సర్వ కీడునుండి కాపాడి, నిత్యజీవమునకు చేర్చునుగాక" అన్న భావంతో ముగించుకోవాలి. నిదానంగా చెబితే ఇది పావుగంట పని. బడికి, కొలువుకు బయలుదేరే హడావుడిలో ఇంటిల్లిపాదికీ అంత సమయం దొరకడం కష్టమే. కాబట్టి పెద్దలిద్దరిలో ఒకరు ముందుగా లేచి పూర్తిగా చెప్పుకొని, తరువాత పిల్లలతో కలిసి జెకర్యా గీతం, విన్నపాలు, పరలోక ప్రార్థన మాత్రం మళ్లీ చెప్పుకోవడం చాలా ఇళ్లకు సరిపోయే ఏర్పాటు. విన్నపాల చివర ఇంటి అవసరాలను సొంత మాటల్లో చేర్చవచ్చు. పరీక్షలు, జ్వరాలు, పక్కింటివారి కష్టాలు అన్నీ అక్కడికే వచ్చి చేరతాయి.

ఇక ఏ రోజు ఏ వారం పాఠం చదవాలన్న చిక్కు. ఆగమన కాలపు మొదటి ఆదివారం, సామాన్య కాలపు (ప్రత్యేక కాలాలు కాని మిగతా రోజుల) మొదటి వారం, తపస్కాలపు మొదటి ఆదివారం, పాస్కా ఆదివారం, ఈ నాలుగింటి దగ్గరా చక్రం మొదటి వారంతో మళ్లీ మొదలవుతుంది. తపస్కాలం మొదలయ్యే విభూతి బుధవారం నుండి ఆ శనివారం వరకు నాలుగవ వారం. సామాన్య కాలంలో అయితే వారం సంఖ్యను నాలుగుతో భాగించి శేషం చూసుకోండి: 18వ వారమైతే శేషం రెండు, కాబట్టి రెండవ వారపు కీర్తనలు, శేషం ఏమీ మిగలకపోతే నాలుగవ వారం. పుటల గుర్తుకు పుస్తకంలో ఉండే రిబ్బన్లను ముందురోజు రాత్రి ప్రార్థన కాగానే సరిచేసి పెట్టుకోవాలి. ఒకటి కీర్తనల చక్రంలో, ఒకటి ప్రస్తుత కాలానికి చెందిన పుటలో, ఒకటి పునీతుల పుటలో ఉంటే చాలు. తెల్లవారుజామున నిద్రమత్తులో పుటలు తిప్పుతూ కూర్చోవడం వల్లనే చాలామంది ఈ అలవాటు వదిలేస్తారని నా అభిప్రాయం.

పునీతుల స్మరణ వచ్చినప్పుడు కంగారు పడనవసరం లేదు. కీర్తనలు ఆ వారపు రోజువే ఉంచి, ముగింపు ప్రార్థన మాత్రం ఆ పునీతునిది చెప్పితే సరిపోతుంది. పండుగలకు, మహోత్సవాలకు మాత్రం ఉదయ ప్రార్థనలో మొదటి వారపు ఆదివారం కీర్తనలు వాడతారు.

పుస్తకమా, ఫోనా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. పూర్తి గ్రంథం నాలుగు సంపుటాలు. ఉదయ, సాయంకాల, రాత్రి ప్రార్థనలున్న ఒకే సంపుటం ఇంటికి చాలు. ఐబ్రీవియరీ, యూనివర్సాలిస్ వంటి యాప్‌లు ఆ రోజు పాఠాన్ని వరుసగా కళ్లముందుంచుతాయి కనుక బిడ్డను ఒడిలో పెట్టుకున్న తల్లికి, రైల్లో వెళ్లే తండ్రికి అవి ఎంతో ఉపకారం. అయితే ఇంట్లో కలిసి చెప్పేటప్పుడు పుస్తకమే మంచిది. ఫోను చేతిలో ఉన్న పెద్దలు ప్రార్థన చేస్తున్నారో, సందేశాలు చూస్తున్నారో పిల్లలకు తెలియదు. కీర్తనను బైబిలులో వెతికేటప్పుడు సంఖ్యల తేడా గమనించండి: పాత లాటిన్ లెక్కకు, హెబ్రీ లెక్కకు ఎక్కువ కీర్తనల్లో ఒక సంఖ్య తేడా ఉంటుంది. ప్రతి శుక్రవారం ఉదయం వచ్చే పశ్చాత్తాప కీర్తన ఒక లెక్కలో 50, మరో లెక్కలో 51. ఇక్కడ నేను ఇచ్చినవి హెబ్రీ సంఖ్యలు.

అసలు కష్టం పుటల దగ్గర కాదు, కీర్తనల దగ్గర మొదలవుతుంది. ఇంట్లో పుట్టినరోజు జరుగుతున్న శుక్రవారం రాత్రి 88వ కీర్తన వస్తుంది. కీర్తనల గ్రంథం మొత్తంలో అంత చీకటిగా ముగిసేది మరొకటి లేదు. చివరి పంక్తిలో కూడా ఓదార్పు కనబడదు. మరో రోజు ఇంట్లో అందరూ దిగులుగా ఉన్నప్పుడు చప్పట్లు కొట్టమనే కీర్తన వస్తుంది. ఇది అమరిక లోపం కాదు. ఈ ప్రార్థన చేసేవారు తమ పేరున కాక క్రీస్తు శరీరమైన సభ మొత్తం పేరున మాట్లాడుతున్నారు కాబట్టి, తాను సంతోషంగా ఉన్నా ఎక్కడో ఏడుస్తున్నవారి గొంతుగా, తాను దుఃఖంలో ఉన్నా ఎక్కడో ఆనందిస్తున్నవారి గొంతుగా కీర్తన చెప్పవచ్చునని సాధారణ ఉపదేశం వివరిస్తుంది. "ఇవాళ నాకు బాగానే ఉంది కదా, ఈ ఏడుపు పాట ఎందుకు?" అని బిడ్డ అడిగితే, ఇవాళ ఆసుపత్రిలో ఉన్నవారెవరో తలచుకొని వారి బదులు మనం చెబుతున్నామని చెప్పండి. పిల్లలు ఆ సమాధానాన్ని వెంటనే అందుకుంటారు, మరుసటి శుక్రవారం ఎవరి బదులు చెప్పాలో వారే పేరు తెస్తారు. శత్రువులను శపించే 58, 83, 109వ కీర్తనలను, మరికొన్ని కీర్తనల్లోని అటువంటి వచనాలను 1970 సంస్కరణలో చక్రం నుండి తప్పించారు, కాబట్టి వాటి గురించి చిన్నపిల్లలకు సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం రాదు.

ప్రార్థన మధ్యలో ఆగిపోతే ఏమి చేయాలి? పాలు పొంగినా, తలుపు కొట్టినా, బిడ్డ లేచినా వెళ్లాల్సిందే. పది నిమిషాల్లో తిరిగి రాగలిగితే ఆగిన చోటునుండి కొనసాగించండి, రాలేకపోతే అంతటితో వదిలేయండి. తప్పిపోయిన ఉదయ ప్రార్థనను మధ్యాహ్నం అప్పు తీర్చినట్టు చెప్పడం సరికాదు. ఆయా వేళలను పవిత్రపరచడమే ఈ ప్రార్థన ఉద్దేశం కనుక, మధ్యాహ్నమైతే మధ్యాహ్నపు చిన్న ప్రార్థన చెప్పుకోవాలి, సాయంత్రమైతే సాయంకాల ప్రార్థన. జీవిత భాగస్వామికి ఆసక్తి లేకపోయినా, ఎదిగిన పిల్లలు దూరంగా ఉన్నా పిలవడం మానకండి, బలవంతం చేయకండి. పక్క గదిలో వినబడేంత గొంతుతో మీ వంతు మీరు చెప్పండి. ఇంట్లో జపమాల చెప్పే అలవాటు ఇప్పటికే ఉంటే దాన్ని తీసివేసి దీన్ని పెట్టవద్దు. దాని పక్కన సిమియోను గీతం ఒక్కటి చేర్చినా ఆరంభమే.

సాయంకాల ప్రార్థనను చివరగా చేర్చమంటాను, ఎందుకంటే ఆ వేళ ఇంట్లో అందరూ ఒకచోట ఉండటం అరుదు. దాని వరుస ఉదయ ప్రార్థనలాంటిదే. రెండు కీర్తనలు, నూతన నిబంధన నుండి ఒక గీతం, జెకర్యా గీతానికి బదులు మరియమ్మ గీతం ఉంటాయి. రోజూ కుదరనివారు శనివారంతో మొదలుపెట్టవచ్చు. దైవార్చన లెక్కలో ఆదివారం శనివారం సాయంత్రమే మొదలవుతుంది, ఆ ప్రార్థనను ఆదివారపు మొదటి సాయంకాల ప్రార్థన అంటారు. ఆ రోజు బల్లమీద కొవ్వొత్తి వెలిగించి, మిగతాదంతా చదివినా మరియమ్మ గీతాన్ని మాత్రం పాడండి. అప్పుడప్పుడు దగ్గరలోని మఠానికో, ప్రధాన దేవాలయానికో వెళ్లి వారితో కలిసి ఒక సాయంకాల ప్రార్థనలో పాల్గొంటే, ఎక్కడ ఆగాలో, ఎక్కడ నిలబడాలో పుస్తకం చెప్పలేనంత తేలికగా తెలుస్తుంది.

పఠన ప్రార్థన పెద్దలకు. అందులో మూడు కీర్తనలు లేదా కీర్తన భాగాలు, బైబిలు నుండి ఒక దీర్ఘ పఠనం, సభాపితరుల (తొలి శతాబ్దాల క్రైస్తవ బోధకుల) రచనల నుండి గానీ పునీతుల జీవితాల నుండి గానీ మరొక పఠనం ఉంటాయి. దానికి నిర్ణీత వేళ లేదు. సాయంకాల ప్రార్థన ముగిసిన తరువాత, మరుసటి రోజు పాఠాన్ని ముందురోజు రాత్రే చదువుకోవడానికి కూడా అనుమతి ఉంది కాబట్టి, పిల్లలు పడుకున్నాక అరగంట దొరికే తల్లిదండ్రులు దాన్ని అప్పుడు చదువుకొని, ఆపైన రాత్రి ప్రార్థన చెప్పి పడుకోవచ్చు.