వార్డుల ముసాయిదాను చదవడం, అభ్యంతరం రాయడం: బెంగళూరు తెలుగువారికి

మారతహళ్లి, కె.ఆర్. పురం, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ వంటి చోట్ల స్థిరపడిన మనవాళ్లు ఓటరు జాబితాలో పేరుందో లేదో చూసుకుంటారు గానీ, ఆ ఓటు ఏ వార్డులో, ఎవరెవరి ఓట్లతో కలిసి లెక్కకు వస్తుందో చూసేవారు తక్కువ.

వార్డుల హద్దులను మళ్లీ గీసేటప్పుడు ప్రభుత్వం ముందు ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు అడుగుతుంది. అది ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ముందుగా ఒక లెక్క వేసి చూడండి. పదేసి వేల ఓట్లున్న మూడు వార్డుల్లో, ముఖాముఖి పోటీలో ఒకే పక్షానికి ఓటేసేవారు 12,000 మంది ఉన్నారనుకుందాం. వారిని నాలుగేసి వేలుగా మూడు వార్డులకూ పంచితే ఆ పక్షానికి ఒక్క స్థానమూ దక్కదు. 10,000 మందిని ఒకే వార్డులో కుక్కి, మిగతావారిని రెండింటికీ వెయ్యేసి పంచితే ఒకటి దక్కుతుంది. రెండు వార్డుల్లో ఆరేసి వేలుగా సర్దితే రెండు దక్కుతాయి. ఓటర్లూ వారే, ఓట్లూ అవే; మారింది వార్డు గీతే.

శాసనసభ, లోక్‌సభ స్థానాల హద్దులను ప్రత్యేక కమిషన్ నిర్ణయిస్తుంది. వార్డుల విషయంలో మాత్రం రాష్ట్ర ప్రభుత్వం చేయి చాలా దగ్గరగా ఉంటుంది. బెంగళూరులో 198గా ఉన్న వార్డులు 2022లో 243 అయ్యాయి. ప్రభుత్వం మారాక 2023లో 225 అయ్యాయి. నగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టాక 2025లో 369కి చేరాయి. 243కీ, 225కీ ఎన్నికలే జరగలేదు!

ముసాయిదా చేతికి రాగానే మొదట జనాభా గడి చూడండి. 2011 లెక్కల ప్రకారం పాత బీబీఎంపీ (బృహత్ బెంగళూరు మహానగర పాలికె) జనాభా 84.43 లక్షలు. దానిని 198తో భాగిస్తే వార్డుకు సుమారు 42,600, 243తో భాగిస్తే 34,700 వస్తుంది. మీ వార్డు సగటుకు ఎంత దూరంలో ఉందో గుర్తించండి. అయితే కాగితం మీద సమానంగా కనిపించే వార్డులు నేల మీద సమానం కావు. 2011 తర్వాత మహదేవపుర వైపు అపార్ట్‌మెంట్లు పుట్టగొడుగుల్లా లేచాయి. అక్కడ ఒక కార్పొరేటరు మోసే జనం బసవనగుడి వంటి పాత పేటల కార్పొరేటరు మోసే జనం కంటే చాలా ఎక్కువ కావచ్చు. కాబట్టి జనాభా లెక్కలతో పాటు ప్రస్తుత ఓటర్ల సంఖ్యను కూడా జతచేయండి.

తర్వాత హద్దులు. అవి ఉత్తర, పూర్వ, దక్షిణ, పశ్చిమ దిక్కుల వారీగా కన్నడంలో ఉంటాయి; ఆ లిపి మనకు కొరుకుడు పడనిదేమీ కాదు. కాగితం పట్టుకుని ఒకసారి నడిచి రండి. గీత పెద్ద రోడ్డు, రైలు పట్టాలు లేదా రాజకాలువ (పెద్ద వాననీటి కాలువ) వెంట సాగితే సాధారణంగా సబబే. ఉన్నట్టుండి ఒక అడ్డరోడ్డులోకి తిరిగి, నాలుగు వీధులను చుట్టి మళ్లీ మెయిన్ రోడ్డెక్కితే, ఆ వీధుల్లో ఎవరుంటారో, వారు గతంలో ఎటు ఓటేశారో పోలింగ్ బూత్ ఫలితాలతో పోల్చి చూడండి.

అభ్యంతరాలకు 2022లో 15 రోజులే ఇచ్చారు. గీత ఖాయమయ్యాక కోర్టులో మార్పించడం కష్టం, కనుక ఈ గడువును వదులుకోకూడదు. "మా కాలనీకి అన్యాయం జరిగింది" అని రాస్తే ఫలితముండదు. వార్డు సంఖ్య, తప్పుగా ఉన్న హద్దు, దాని బదులు మీరు కోరే హద్దు, ఆ మార్పుతో రెండు వార్డుల జనాభా ఎంతవుతుందో రాయండి. పక్క వార్డు సగటు దెబ్బతినేలా కోరితే అధికారి తిరస్కరించడానికి మీరే కారణం ఇచ్చినట్టవుతుంది. మీ దగ్గర ఉంచుకునే అభ్యంతర పత్రం నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. రిజర్వేషన్ల జాబితా విడిగా వెలువడుతుంది. దానినీ ఇలాగే గడువులోగా పరిశీలించాలి.